ఎదురొచ్చిన పిల్ల

ఇప్పటిదాకా చదివినవాళ్ళకు గుర్తుచేయడానికీ, ఇవాళే పత్రిక చేతపట్టినవాళ్ళకు దారి చూపడానికీ నాలుగు మాటలు చెప్పి ముందుకు పోదాం.

గోదారి సముద్రంలో కలిసే మొగ దగ్గర ఉంది మొగపాలెం. అక్కడ పడవ నడుపుకునే లోవరాజుకు ఒక్కతే కూతురు, లక్ష్మీతులసి. మలికిపురంలో మందుల షాపులో పనిచేస్తోంది. ఎదురింటి పెద్దింట్లమ్మ కొడుకు సత్యదుర్గారావు ఖతర్‌లో ఉద్యోగం చేసేవాడు. తులసికి మామిడికుదురు కుర్రాడు వినయ్‌తో పెళ్ళి కుదిరిందన్న కబురు అందగానే, ఆ ఉద్యోగానికి ఓ దణ్ణం పెట్టి ఊళ్ళో దిగిపోయాడు. అంతకుముందు ఐనవిల్లి నుంచి వచ్చిన సంబంధం ఎవరో చేసిన ఫోన్లతో చెడిపోయింది. ఆ ఎవరో దుర్గారావేనని తులసికి పోయిన వారమే తెలిసింది.

తెలిసి ఏం చేస్తుంది? దుర్గారావు అరవడు, తిట్టడు, చెయ్యి పట్టుకోడు. ఎదుటి అరుగు మీద కూర్చుని చూస్తుంటాడు. ఆమె బస్సెక్కితే వెనకాల బండి మీద వస్తాడు. షాపుకొచ్చి తలనొప్పి మాత్ర కొనుక్కుని, "థాంక్స్ తులసీ" అని వెళ్ళిపోతాడు. పోలీసులకు చెబితే, "కుర్రాడు మర్యాదగానే ఉన్నాడు కదమ్మా, ఇంతకీ ఏం చేసేడు?" అన్నారు. చెవిలో జోరీగ దూరినవాడి బాధ పక్కనున్నవాడికి వినపడదు మరి.

ఇక ఇవాళ్టి సంగతి.

పొద్దున్న తులసి తల్లి సత్యవేణి పెరట్లో కళ్ళాపి జల్లుతుంటే పెద్దింట్లమ్మ వచ్చింది. ఎదురిల్లే అయినా తిన్నగా వీధి దాటి రాలేదు. చుట్టూ తిరిగి పెరటి గుమ్మంలోంచి వచ్చింది. భర్త పోయినప్పటినుంచీ ఆవిడ పొద్దుటిపూట ఎవరి వాకిట్లోకీ ముందునుంచి రాదు. రావద్దని ఎవరూ అనలేదు. రమ్మని కూడా ఎవరూ అనలేదు.

"వదినా, తులసి లేచిందా?"

సత్యవేణి చేతిలో చెంబు ఆగిపోయింది. వినయ్ సంబంధం ఖాయమయ్యాక రెండిళ్ళ మధ్యా మాటల్లేవు. "మా పిల్లతో మీకేం పని వదినా?" అంది, ఉన్న కోపమంతా దాచుకోకుండానే.

"మావోడు వెళ్ళిపోతున్నాడు. మళ్ళీ ఆ దేశమే. పెట్టె సర్దేసుకున్నాడు." పెద్దింట్లమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఒక్కటే అడిగేడు వదినా. తులసి ఎదురొస్తే వెళ్తాడంట. రాకపోతే ఇక్కడే ఉండిపోతాడంట."

లోపల జడ వేసుకుంటున్న తులసి చేతులు జడలోనే నిలిచిపోయాయి. వెళ్ళిపోతున్నాడు. ఆ ఒక్క మాటకు ఆమెకు ఎంత ఊపిరాడిందంటే, ఒక మనిషి ఊరు వదిలిపోతుంటే ఇంత సంతోషమేమిటని తనమీద తనకే సిగ్గేసింది. తను ఎదురు రావాలన్న రెండో మాట ఆ తర్వాత తలకెక్కింది.

ఎదురు రావడమంటే ఏమిటో తెలుగువాళ్ళకు చెప్పక్కర్లేదు గానీ, మొగపాలెంలో దాని పట్టు వేరు. మొగ దాటి సముద్రం మీదికి పోయేవాడు తిరిగొస్తాడో లేదో చెప్పేవాడు లేడు. విమానమెక్కి గల్ఫు పోయేవాడి సంగతీ అంతే. అందుకే మనిషి గడప దాటేవేళకు ఒక కన్నెపిల్లో ముత్తైదువో నిండు బిందెతో ఎదురు నడిచి రావాలి. తులసి గౌను తొడుక్కునే వయసులో ఒకసారి ఎదురొస్తే, ఆ పడవకు వల పట్టనన్ని చేపలు పడ్డాయట. అప్పటినుంచీ ఆ పిల్లది మంచి ఎదురని పేరు పడిపోయింది. బడికి వెళ్ళే పిల్లను ఆపి మరీ బిందె చంకన పెట్టేవారు. అందరికీ వచ్చింది. పక్కింటికి మజ్జిగ ఇచ్చి రావడం ఎలాగో ఆమెకు ఇదీ అలాగే.

దుర్గారావు మొదటిసారి ఖతర్ వెళ్ళినరోజు పెద్దింట్లమ్మే వచ్చి తులసిని బతిమాలుకుంది. ఆవిడ ఎదురుపడకూడదు కదా, ముండమోసిన మనిషి. నవమాసాలు మోసి కన్న కొడుకు దేశం పోతుంటే ఆ తల్లి వంటింటి తలుపు వెనక దాక్కుని, చప్పుడును బట్టి వాడు గడప దాటాడని తెలుసుకుంది. ఈ శకునాలు కట్టిన మహానుభావుడెవడో గానీ, వాడు తల్లి కడుపున పుట్టి ఉండడు. అప్పటినుంచి దుర్గారావు సెలవుకొచ్చి వెళ్ళిన ప్రతిసారీ తులసే ఎదురొచ్చింది. అదే ఇంత పని చేసింది.

"వద్దు," అని తేల్చేసింది సత్యవేణి లోపలికొచ్చి. "కొరివితో తల గోక్కుంటావా? నువ్వు గుమ్మం దిగడానికి వీల్లేదు."

లోవరాజు మంచం మీద కూర్చుని ఆలోచించాడు. నెమ్మదస్తుడు. పడవ మీద తప్ప మరెక్కడా గొంతెత్తడు. "నాలుగడుగులేస్తే పీడ వదిలిపోద్దంటే వెయ్యొచ్చు కదే. వీధిలో అందరం ఉంటాం. ఏం చేస్తాడు?"

తులసి పెరటి గుమ్మంలోకి వచ్చింది. "టిక్కెట్టు చూసేరా అత్తా?"

"నాకు చదువొచ్చా తల్లీ?"

"కారు ఎన్నింటికొస్తుందో అడిగేరా?"

పెద్దింట్లమ్మ తెల్లబోయింది. "బయల్దేరేవోణ్ణి ఎక్కడికి, ఎప్పుడు అని ఎలా అడుగుతామమ్మా? అడక్కూడదు కదా."

అదీ నిజమే. ఆ ప్రాంతంలో పసిపిల్లలకు కూడా తెలిసిన సంగతి అది. కాలు బయట పెడుతున్న మనిషిని ఎక్కడికని అడిగితే ఆ పని చెడుతుంది. తులసి ఇంకేం అడగలేదు. ఆవిడ కళ్ళవైపు చూసింది. ఏడ్చి ఏడ్చి ఎర్రగా ఉన్నాయి. ఆ కళ్ళలో మోసం లేదు. ఒక్కగానొక్క కొడుకు దూరం పోవాలని తనే వచ్చి అడుక్కుంటోంది ఆ తల్లి.

అంతలో ఫోన్ మోగింది. వినయ్. అతను రొయ్యల మేత కంపెనీలో టెక్నీషియన్. చెరువులు తిరిగి రొయ్యల ఆరోగ్యం చూడటం అతని పని. "మీ ఊరి వైపే వస్తున్నాను," అన్నాడు హుషారుగా. "ఎవరిదో చెరువులో రొయ్య పైకి తేలిపోతోందంట. తెల్లారకుండా ఫోన్లు. అది చూసుకుని మీ ఇంటికొచ్చి టీ తాగి వెళ్తాను. అత్తగారికి చెప్పు."

ఎదురు సంగతి తులసి అతనికి చెప్పలేదు. చెబితే నవ్వుతాడు. దుర్గారావు పేరెత్తితే చాలు, "పాపం, మర్యాదస్తుడే" అంటాడు. ఆ మాట వినే ఓపిక ఆ పూట ఆమెకు లేదు. సరేనండి అని పెట్టేసింది.

"వస్తాను అత్తా," అంది. "ఇదే ఆఖరు."

వీధి చివర కుళాయి దగ్గర ఇత్తడి బిందె నింపుకుని చంకన పెట్టుకుంది. షాపుకు వేసుకెళ్ళే పాత చుడీదారే వేసుకుంది. పువ్వు పెట్టుకోలేదు. వీధిలో గుమ్మం గుమ్మానా మనుషులు నిలబడి ఉన్నారు. కుండకు మూకుడుంది గానీ లోకానికి మూకుడు లేదన్నట్టు, పెద్దింట్లమ్మ అడిగిన మాట అప్పుడే వీధంతా పాకిపోయింది. "పీడ వదిలిపోతోంది లేవే," అంది సూరమ్మ గుమ్మంలోంచి. ఆవిడ ఆ వీధికి పెద్ద. ఆవిడ నోటి వెంట మంచి మాట రావడం అరుదు. లోవరాజు తన వాకిట్లో చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

దుర్గారావు గడపలో ఉన్నాడు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, తడి తల, నుదుట కుంకుమ. అతని మొహం ఎప్పటిలాగే నెమ్మదిగా ఉంది. బిందెతో వస్తున్న తులసిని చూడగానే అతని కళ్ళు నిండిపోయాయి. అది నటన కాదు. నటన అయితే ఆమెకు అంత భయం వేసేది కాదు.

"వచ్చేవా. వస్తావని నాకు తెలుసు."

"అత్త రమ్మన్నారని వచ్చేనండి. మీరు వెళ్తారన్నారని వచ్చేను."

"ఎవరు రమ్మన్నా వచ్చేది నువ్వే కదా తులసీ."

తులసి అక్కడే ఆగింది. ఇద్దరి మధ్యా ఒక బండి పట్టేంత దూరం ఉంది. ఊరుకుని నడిచిపోతే అయిపోయేది. కానీ ఆమె ఇన్నాళ్ళుగా దాచుకున్న మాట ఒకటుంది. ఆఖరు రోజు కదా, అనేయాలనిపించింది.

"ఈ వీధిలో ఎవరు పిలిచినా వస్తాను బావా. సూరమ్మ గారి అల్లుడికీ వచ్చేను. నాన్న పడవలో వాళ్ళందరికీ వచ్చేను. వాళ్ళెవరూ నా బస్సు వెనకాల రాలేదు. నా సంబంధం చెడగొట్టలేదు."

దుర్గారావుకు కోపం రాలేదు. పసిపిల్ల మారాం చేస్తుంటే విన్నట్టు విన్నాడు.

"అక్కడ రాత్రైతే అందరూ ఫోన్లలో పెళ్ళాం పిల్లల్ని చూసుకునేవోరు. నేను కళ్ళు మూసుకునేవోణ్ణి. నువ్వు బిందెతో ఎదురొస్తూ ఉండేదానివి. ఒకరోజు పని కాడ పైనుంచి ఇనప గడ్డరు జారింది. నా పక్కనున్నోడు, రాజోలు కుర్రాడు, అక్కడే పోయేడు. నా మీద దుమ్ము కూడా పడలేదు. నేనెందుకు మిగిలేనో నువ్వు చెప్పు. ఎవరి ఎదురు అది?"

తులసికి జాలేసింది. దాపరికం ఎందుకు, నిజంగానే జాలేసింది. ఎవరూ లేని ఆ ఇసుకలో ఆసరాకు ఒక తలపు పట్టుకున్నాడు మనిషి. పట్టుకుంటే పట్టుకున్నాడు, ఆ తలపు తన సొంతమనుకున్నాడు. తనకు తెలియకుండా తనను ఇన్నేళ్ళు మరొకరి కళ్ళ వెనక నడిపించారని తెలిస్తే ఎలా ఉంటుంది? ఆమెకు ఒళ్ళంతా కడుక్కోవాలనిపించింది.

"మీ ఆయుష్షు మీది బావా. అందులో నాదేం లేదు. నేను మిమ్మల్ని ఎప్పుడూ ఆ మనసుతో చూళ్ళేదు. ఇకమీదట కూడా చూడను. అందరూ వినాలనే ఇక్కడ చెప్తున్నాను. ఇంక మీరు సుఖంగా వెళ్ళిరండి. వెళ్ళి అక్కడే ఉండండి."

"ఆయ్," అన్నాడు దుర్గారావు. "విన్నానండి."

ఎన్నడూ లేనిది తులసిని అండీ అన్నాడు.

అతను చొక్కా జేబులోంచి బండి తాళం తీశాడు. కుడికాలు గడప దాటించి మొదటి మెట్టు మీద పెట్టాడు. అప్పుడు చూసింది తులసి అతని కాళ్ళవైపు. బురదలో తొక్కే రబ్బరు చెప్పులు. ప్యాంటు కిందిభాగం మడిచి ఉంది. ఇంట్లోకి తొంగి చూసింది. తాళం వేసిన పెద్ద పెట్టె గోడవారన ఉన్నచోటే ఉంది. అతను దానివైపు చూడను కూడా చూడలేదు. విమానమెక్కేవాడు పెట్టె ఇంట్లో వదిలి, రబ్బరు చెప్పులతో, సొంత బండి మీద పోడు. వెళ్తాడన్నారు. ఎక్కడికన్నది వీధిలో ఒక్కరూ అడగలేదు. అడగకూడదు కాబట్టి.

"ఎక్కడికి?" అంది తులసి.

ఎవరో అయ్యో అన్నారు. "అదేం మాటే, నీకు బుద్ధుందా!" అని సూరమ్మ గుమ్మం దిగింది. వంటింట్లో గిన్నె పడిన చప్పుడయింది. పెద్దింట్లమ్మ అక్కడే ఉంది, ఎప్పటిలాగే తలుపు వెనక.

దుర్గారావు రెండో కాలు ఎత్తలేదు. "అలా అడక్కూడదు తులసీ."

"ఎక్కడికి వెళ్తున్నారు బావా?"

"నీతో అబద్ధం చెప్పను. చెరువు కాడికి."

చెరువు. ఖతర్ నుంచి వచ్చాక దుర్గారావు రెండు రొయ్యల చెరువులు కౌలుకు తీసుకున్నాడు. ఒకటి మొగ దగ్గర, ఒకటి కాలవ అవతల. నీళ్ళలో రొయ్యకు గాలి అందాలని వాటిలో కరెంటు ఫ్యాన్లు తిరుగుతుంటాయి. తెల్లారకుండా ఫోన్లు, అన్నాడు వినయ్. ఎవరి చెరువో తను అడగలేదు, అతను చెప్పలేదు. రొయ్య తేలిందన్న చెరువు ఇతనిదే. పిలిచింది ఇతనే. అక్కడికి వినయ్ ఒంటరిగా వెళ్తున్నాడు. ఇక్కడ ఇతను, తన చేత ఎదురు రప్పించుకుని, కుంకుమ పెట్టుకుని బయల్దేరాడు. అతను ఏ పనికి బయల్దేరాడో ఆ పనికి శకునం తను.

ఆమె ఆలోచించలేదు. చంకలో బిందె రెండు చేతులా ఎత్తి బోర్లించేసింది. నీళ్ళు భళ్ళున నేలమీద పడి దుర్గారావు మెట్టు దాకా పారాయి. చుక్క మిగలకుండా విదిల్చి, ఆ ఖాళీ బిందె మూతి అతనికి కనపడేలా పట్టుకుంది.

"నేను ఖాళీ బిందెతో ఎదురొచ్చేను. ఇంక ఎలా వెళ్తావో వెళ్ళు."

మీరు కాస్తా నువ్వు అయిపోయింది. వీధిలో అడ్డుకున్నా, పోలీసులు పిలిచినా చెదరని ఆ మొహం ఖాళీ బిందెను చూసి పాలిపోయింది. మెట్టు మీది కాలు దానంతటదే వెనక్కి వెళ్ళింది. గడపలో చతికిలబడ్డాడు. తన నమ్మకమే తనకు సంకెల అయింది. తులసికి ఒక్క క్షణం గెలిచాననిపించింది.

వెంటనే వినయ్‌కు ఫోన్ కలిపింది. మోగుతోంది. ఎత్తలేదు. మళ్ళీ చేసింది.

"ఎత్తడు," అన్నాడు దుర్గారావు. గొంతులో పగ లేదు. అలసట ఉంది. "బండి మీద ఉంటాడు. లేదంటే ఫ్యాన్ల చప్పుడుకి వినపడదు. అంత పని చేసేవేంటి తులసీ? నేను ఎందుకు వెళ్తున్నానో కూడా అడిగి ఉండాల్సింది."

"ఎందుకు?"

"కరెంటు ఆపడానికి."

ఆమెకు అర్థం కాలేదు.

"ఫ్యాన్ వైరొకటి తెగి నీళ్ళలో ఉంది. కాపలావోణ్ణి ఇంటికి పంపించేసేను. వినయ్‌కి ఫోన్ చేసేను. తర్వాత దేవుడి ముందు కూర్చుని అనుకున్నాను, తులసి నిండు బిందెతో ఎదురొస్తే ఇదంతా వద్దని. వెళ్ళి మెయిన్ ఆపేసి, అతనికి చెయ్యి కలిపి, సాయంత్రం బస్సెక్కి హైదరాబాద్ పోదామని. టిక్కెట్టు నిజమే. పెట్టె కోసం మళ్ళీ ఇంటికి వద్దామనుకున్నాను." పారిన నీళ్ళవైపు చూశాడు. "వచ్చేవు. ఎంత సంతోషమేసిందో. అంతలోనే వెళ్ళొద్దన్నావు."

"వైరు తెగిందా, తెంపేవా?"

"ఇప్పుడు రెండూ ఒకటే కదా."

తులసి చేతిలోంచి బిందె జారి రాళ్ళమీద పడింది. ఆమె తండ్రిని ఎలా పిలిచిందో, ఏమని అరిచిందో ఆమెకే తెలియదు. లోవరాజు అప్పటికే వీధి దాటి వచ్చి దుర్గారావు చొక్కా పట్టుకున్నాడు. "ఏ చెరువురా? ఏ చెరువు?" సూరమ్మ ఫోన్ చెవిన పెట్టుకుని, కరెంటాఫీసులో తెలిసినవాడెవడో వాడి పేరు పెట్టి కేకలేస్తోంది. చెడ్డ నోరే గానీ అవసరానికి అదే ముందు పనికొచ్చింది.

తండ్రి చేతులు విడిపించి తులసి దుర్గారావు ముందు మోకాళ్ళ మీద కూలబడింది.

"లే బావా. ఏ చెరువో చెప్పు. శకునం బాగోకపోతే కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి బయల్దేరతారు కదా. నీళ్ళు నేనిస్తాను. మళ్ళీ బిందె నింపుకొస్తాను. లే."

"ఆ పెళ్ళి నాకొద్దని అను."

"వద్దు." ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "ఆ పెళ్ళి నాకొద్దు. చేసుకోను. అందరూ విన్నారు. ఇంక చెప్పు."

దుర్గారావు ఆమె మొహంలోకి చాలా శ్రద్ధగా చూశాడు. ఇన్నేళ్ళుగా వెతుకుతున్నది అక్కడ ఉందేమోనని చూసినట్టు చూశాడు. లేదు. అక్కడ ఉన్నదంతా వినయ్ ప్రాణం మీద భయమే. ఆ సంగతి అతనికీ తెలిసిపోయింది. అంతవరకూ నెమ్మదిగా ఉన్న మొహం ముడుచుకుపోయి, వయసు మీదపడ్డవాడిలా అయింది.

"మా అమ్మ కోసం ఎదురొచ్చేవు," అన్నాడు. "అతని కోసం ఈ మాట అన్నావు. నాకోసం నువ్వు ఎప్పుడూ ఏదీ అనలేదు తులసీ. తిట్టు కూడా ఇవాళే తిట్టేవు."

మోకాళ్ళు దగ్గరకు లాక్కుని గడపలో సర్దుక్కూర్చున్నాడు. ఇక లేవడని తులసికి అర్థమైంది.

వంటింటి తలుపు తెరుచుకుంది. పెద్దింట్లమ్మ వచ్చింది. బయల్దేరిన కొడుకు ముందుకు ఏనాడూ రాని మనిషి, తిన్నగా వచ్చి ఎదురుగా నిలబడింది. "మొగ కాడి చెరువే," అంది తులసితో. "రాత్రి అక్కడికే వెళ్తున్నానని నాతో చెప్పేడు. బురద కాళ్ళతో వచ్చేడు. పరిగెట్టు తల్లీ."

"అమ్మకి నేనెప్పుడు నిజం చెప్పేను?" అన్నాడు దుర్గారావు తల ఎత్తకుండా.

ఆ తల్లి కొడుకును కొట్టింది. కొట్టి, ఆ చెయ్యి తన నోటికే అడ్డం పెట్టుకుంది.

అక్కడ నిలబడితే లాభం లేదు. లోవరాజు కాలవ అవతలి చెరువు వైపు పరుగెత్తాడు. వెనకాల ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు పరుగెత్తారు. మిగతా మగవాళ్ళంతా ఆ వేళకు చేపల వేటలో ఉన్నారు. తులసి సూరమ్మ గారి వాకిట్లో ఉన్న స్కూటీ తీసింది. సత్యవేణి గుమ్మంలోంచి ఏదో అంటోంది గానీ ఆమె చెవికెక్కలేదు. మొగ దారి మట్టి రోడ్డు. రెండువైపులా చెరువులే. ప్రతి చెరువులోనూ ఫ్యాన్లు నీళ్ళు చిలుకుతున్నాయి, ఎక్కడ చూసినా ఒకటే తెల్లటి నురగ. తను వద్దంది. తనే వెళ్ళొద్దంది. ఒక మనిషి పాడు పని మానుకుని కదిలితే, అడ్డం నిలబడి కూర్చోబెట్టింది తనే. అతను చెప్పింది అబద్ధమేమో. తనను ఏడిపించడానికే అన్నాడేమో. అబద్ధం కావాలని ఆమె అనుకున్నంత గట్టిగా ఎవరూ ఏ దేవుడికీ మొక్కి ఉండరు.

మళ్ళీ మళ్ళీ కలుపుతూ, హ్యాండిల్ పట్టుకున్న చేతికిందే నొక్కిపెట్టుకున్న ఫోన్‌లో రింగు ఆగింది. వినయ్ ఎత్తాడు.

"తులసీ! వచ్చేసేను. ఫ్యాన్ల గోల, ఏం వినపడట్లేదు."

"దిగొద్దు! నీళ్ళలో దిగొద్దు! ఎక్కడున్నారు? ఏ చెరువు?"

"హలో? హలో? సరే విను, రొయ్య నిజంగానే తేలింది. ఒక్క నిమిషం ఆగు. దిగి చూసి మళ్ళీ చేస్తాను."

"దిగొద్దండీ! వినయ్!"

ఫోన్ గట్టు మీద పెట్టిన చప్పుడయింది. కట్ చేయడం మరిచిపోయాడు. తులసి బండి ఆపి, ఫోన్ రెండు చేతులా నోటి దగ్గర పట్టుకుని గొంతు చిరిగేలా అరిచింది. అవతల ఫ్యాన్ల హోరు. ఆ హోరు కింద, గట్టు మీది మట్టి జారిన చప్పుడు. నీళ్ళలో ఒక అడుగు పడింది. రెండో అడుగు పడింది.

ఉన్నట్టుండి ఫోన్లో ఫ్యాన్లు ఆగిపోయాయి.

కరెంటువాళ్ళే ఈ చెరువుల లైను మొత్తం ఆపారో, నీళ్ళలోని వైరుకే ఫ్యూజు పోయిందో ఆమెకు తెలియదు. తులసి తల ఎత్తి చూసింది. ఆమె చుట్టూ ఉన్న చెరువుల్లో ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి.